గుమ్మం పక్క కుర్చీ

పెళ్ళి బట్టలు కొనడానికి వెళ్ళినప్పుడు మగవాళ్ళకి దొరికే మొదటి మర్యాద గుమ్మం పక్కన కుర్చీ. చీరలు పరిచే చోట వాళ్ళు అడ్డం. "ఇంకా ఎంతసేపు?" అని అడగడం తప్ప వాళ్ళవల్ల వేరే ఉపయోగమూ ఉండదు. అందుకని కొట్టువాళ్ళే ముందుజాగ్రత్తగా తలుపు దగ్గర వరసగా కుర్చీలు వేసి, చేతికో చల్లటి సోడా ఇచ్చి కూర్చోబెడతారు. లోపలి ఏసీ గాలీ, బయటి వీధి వినోదమూ రెండూ అందుతాయి. కాసేపటికి అందరూ కునుకు తీస్తారు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఏ పెద్ద బట్టల కొట్టుకి వెళ్ళినా కనిపించే దృశ్యమే ఇది.

ఆ రోజు సూర్యచంద్రరావుగారికి ఆ కుర్చీని ఆయన మరదలు హిమబిందు స్వయంగా లాగి వేసింది. కూతురు తన్మయి పెళ్ళి బట్టలకని ఆయన భార్య కృష్ణవేణి ఇంటిల్లిపాదినీ బయల్దేరదీసింది. చెల్లెలు హిమబిందు విశాఖపట్నం నుంచి ఇందుకోసమే సెలవు పెట్టుకుని వచ్చింది. చీరలు మేడమీద. బావగారికి మెట్లెక్కితే ఆయాసం.

"ఇదిగో బావగారూ, ఇక్కడ హాయిగా గాలొస్తుంది. కూర్చోండి."

ఆయన కుర్చీ వైపు చూసి, దానిని ఆనుకుని ఉన్న స్తంభం వైపు చూశారు. ఈ మధ్య చీరలకి విడిగా దొంగతనం ట్యాగులు తగిలించడం మానేశారు. జరీలోనే కంటికి తెలియని పోగు ఒకటి కలిపి నేసేస్తున్నారు. బిల్లు కట్టని చీర గుమ్మం దాటితే ఈ స్తంభాలు దాన్ని పసిగట్టి గోల చేస్తాయి.

"ఏమ్మా హిమా, వీటి పక్కన కూర్చోవచ్చా? ఆస్పత్రివాళ్ళు నాకిచ్చిన కార్డులో, ఇలాంటివి ఉన్నచోట ఆగకండి, దాటి వెళ్ళిపోండి అని రాశారు."

హిమబిందు నవ్వింది. "అది పాత పేస్‌మేకర్ల కోసం బావగారూ. అన్ని కార్డులమీదా అదే అచ్చేసి పడేస్తారు. మీకు పెట్టింది నేను చేసింది."

"మిషను చేసినదానివి నువ్వే చెబుతుంటే ఇంక నాకేం భయం?" అంటూ ఆయన కూర్చుని సోడా అందుకున్నారు.

ఆయన ఎడమ భుజం కింద చర్మంలో ఉన్న ఆ మిషను పేరు 'తోడు'. అది హిమబిందు పదేళ్ళ చాకిరీ. పాత పేస్‌మేకర్లకి చుట్టుపక్కల ఏ మోటారో ఏ పిండిమరో గట్టిగా తిరిగితే కంగారు. గుండె మాట వినిపించక, కళ్ళు మూసుకుని ఒకే లెక్కన కొట్టేవి. తోడు అలా కాదు. ఒంట్లో పెట్టాక నెలల తరబడి ఆ మనిషి గుండెని వింటుంది. కోపమొస్తే ఎలా కొట్టుకుంటుందో, నిద్రలో ఎలా నెమ్మదిస్తుందో, ఎక్కడ తడబడుతుందో నేర్చుకుంటుంది. గుండె తన పని తను చేసుకుంటుంటే నోరెత్తదు, తడబడితే చెయ్యి అందిస్తుంది. బయటి రొదకి అలవాటుపడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ అలవాటు పడటమే హిమబిందు కనిపెట్టిన గొప్ప సంగతి. దానికి ఆమెకి శాలువాలు కప్పారు, ఫొటోలు వేశారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన బావగారైతే కనిపించినవాళ్ళకల్లా చొక్కా గుండీ తీసి మరీ "మా మరదలి మిషను" అని చూపించేవారు.

మేడమీద కృష్ణవేణికి గంధం రంగు చీర కావాలి. చూపించినవన్నీ పసుపో, తేనె రంగో. "ఇది గంధమే కదండీ" అని సేల్స్ అబ్బాయి, "నా కళ్ళకి కాదు బాబూ" అని ఆవిడ. పరిచిన చీరలు నడుం ఎత్తుకి పేరుకున్నాయి. మధ్యలో ఫోను మాట్లాడటానికి హిమబిందు కిందికి దిగింది. మధ్యాహ్నం వేళ కావడంతో కొట్టు పలచగా ఉంది. బావగారు స్తంభానికి భుజం ఆనించి, తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు.

ఆమె ముచ్చటపడి ఫొటో తీసి, 'బావగారి షాపింగ్ జోరుగా సాగుతోంది' అని రాసి ఇంటివాళ్ళ గ్రూపులో పెట్టింది. అందరూ పడీపడీ నవ్వుతున్న బొమ్మలు పంపారు. మళ్ళీ పైకి వెళ్ళిపోయింది.

గంధం రంగు దొరికింది. బిల్లు అయింది. అందరూ సంచులతో కిందికి వచ్చారు.

"ఏమండీ, లేవండి. అయిపోయింది" అంది కృష్ణవేణి.

ఆయన లేవలేదు. భుజం పట్టుకుని కదిపితే ఒక పక్కకి ఒరిగిపోయారు. పెదవులు నీలంగా ఉన్నాయి. తన్మయి కేక పెట్టింది. కొట్టులో కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆయన్ని ఎత్తుకుని వీధిలోకి తెచ్చి, ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టారు. గుమ్మం దాటిన కాసేపటికే ఆయన ఛాతీ చిన్నగా ఎగిరింది. నాడి అందింది. అప్పుడు అంబులెన్సు వచ్చింది.

* * *

ఆస్పత్రిలో డాక్టరు తోడుని చదివే పరికరాన్ని ఆయన ఛాతీ మీద పెట్టి చూసి, తెర హిమబిందు వైపు తిప్పాడు.

"మీరే చూడండి మేడమ్. మధ్యాహ్నమంతా గుండె తనంతట తనే చక్కగా కొట్టుకుంది. సహాయం అవసరం లేదని చూపిస్తోంది. గుండె వల్ల కాదు. మెదడుకి రక్తం తగ్గింది, ఎక్కడో గడ్డ అడ్డుపడి ఉంటుంది."

హిమబిందుకి ముందు కలిగింది ఊరట. మిషను తప్పు కాదు. ఆ తర్వాతే, లోపల పడుకున్నది తన బావగారన్న సంగతి మనసుకి పట్టింది. ముందు ఏది వచ్చిందో, తర్వాత ఏది వచ్చిందో ఆమె గమనించింది, గమనించి సిగ్గుపడింది.

వరండాలో కృష్ణవేణి గోడకి తల ఆనించుకుని కూర్చుంది. "ఆ దిక్కుమాలిన రంగు కోసం ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ కూర్చున్నానే హిమా. ఆయన కింద అలా అయిపోతుంటే నేను అంచు బాగుందా, కొంగు బాగుందా అని చూస్తున్నాను. నేనేం మనిషినే?"

"అలా అనకు అక్కా. నీ తప్పేముంది?"

"నాది కాకపోతే ఎవరిదే?"

అప్పటికి హిమబిందుకీ తెలియదు.

రెండ్రోజులకి ఆయన కళ్ళు తెరిచారు. కుడిచెయ్యి లేవలేదు. మైదానం ఆ చివర ఉన్న పిల్లల్ని ఒక్క కేకతో నిలబెట్టిన మనిషికి మాట రావడం లేదు. తన్మయిని చూసి పేరు పిలవబోయి, నోరు కదిపి, ఆ పేరు అందక పిల్లవాడిలా ఏడ్చారు. తన్మయి నవ్వుతూ "పరవాలేదు నాన్నా, తర్వాత పిలుద్దువుగాని" అని బయటికి వచ్చి ఏడ్చింది. కృష్ణవేణి ఆ సాయంత్రమే పెళ్ళివారికి ఫోను చేసి ముహూర్తం వద్దంది. కొన్న చీరలన్నీ కొట్టుకి తిప్పి పంపేసింది. ఇంక జన్మలో పట్టుచీర కట్టనని చెల్లెలితో అంది.

హిమబిందుని మాత్రం ఆ తెర మీద చూసిన గీత వదల్లేదు. చక్కగా కొట్టుకుంది అన్నాడు డాక్టరు. మరీ చక్కగా కొట్టుకుంది. నిద్రలోకి జారినప్పుడూ అంతే, పెదవులు నీలం తిరిగినప్పుడూ అంతే. బావగారి గుండె ఏనాడూ అంత క్రమశిక్షణగా లేదు, ఆయన విద్యార్థుల్లాగే. అసలు బతికున్న ఏ గుండే అలా కొట్టుకోదు.

ఫోను తీసి ఆ ఫొటో మళ్ళీ చూసింది. నవ్వుల బొమ్మలన్నీ దాని కింద అలాగే ఉన్నాయి. బావగారి భుజం స్తంభానికి ఆనుకుని ఉంది. స్తంభం నెత్తిన చిన్న పచ్చదీపం. ఎవరూ దాటనప్పుడు, కరెంటు ఆదా కోసం, అది సెకనుకొకసారి మిణుకుతుంది. మిణికినప్పుడల్లా లోపలి తీగచుట్ట కంటికి కనపడని తరంగాన్ని ఒక్క తోపు తోస్తుంది.

ఆస్పత్రి తెర మీది గీత కూడా సెకనుకొకసారే లేచింది, ఒక్కటీ తప్పకుండా.

* * *

విశాఖపట్నంలోని ప్రయోగశాలలో ఉప్పునీళ్ళ తొట్టి సిద్ధం చేశారు. మనిషి ఒంటికి బదులు ఆ నీళ్ళు. అందులో ఒక తోడు, దానికి బావగారి గుండెలాగే మందకొడిగా, ఆగి ఆగి కొట్టుకునే నకిలీ గుండె. అమ్మేవాళ్ళ దగ్గర్నుంచి అదే రకం స్తంభం తెప్పించి తొట్టి పక్కన నిలబెట్టారు. ప్రయోగశాల పెద్ద నరహరిగారు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు.

ముందు తొట్టిని చక్రాల బల్ల మీద స్తంభం ముందునుంచి నడిపించారు. మనిషి దాటుతున్నాడనుకుని స్తంభం గబగబా తోపులు తోసింది. తోడు వెంటనే అది బయటి రొద అని పసిగట్టి తోసిపుచ్చింది. నకిలీ గుండెకి అందించాల్సిన సాయం అందిస్తూనే ఉంది.

"చూశారా, ఇదే కదా మనం ఎన్నోసార్లు చేసిన పరీక్ష? ఏమీ కాదు" అన్నారు నరహరిగారు.

"ఇప్పుడు కూర్చోబెడదామండీ."

తొట్టిని స్తంభం పక్కన ఆపి వదిలేశారు. కదలిక లేకపోవడంతో స్తంభం నెమ్మదించింది. సెకనుకో మిణుకు, సెకనుకో తోపు. చాలాసేపు ఏమీ జరగలేదు. నరహరిగారు టీ తెప్పించుకున్నారు. హిమబిందు తన గ్లాసు ముట్టుకోలేదు. ఏమీ జరగకూడదని లోలోపల దేవుళ్ళకి మొక్కుకుంటోంది. శాస్త్రం చదువుకున్నందుకు ఆ మొక్కు కాస్త దొంగతనంగా మొక్కుకుంది.

రెండో గంటలో తోడు సాయం చెయ్యడం తగ్గించింది. కాసేపు సందేహించింది, మళ్ళీ కొన్ని దెబ్బలు కొట్టింది, మళ్ళీ ఆగింది. రెండు చప్పుళ్ళు వింటోంది అది. ఒకటి తడబడుతూ, ఆగిపోతూ వచ్చేది. రెండోది నిదానంగా, ఆరోగ్యంగా, ఎంతసేపైనా వదలకుండా వచ్చేది. వింటూ వింటూ రెండోదానికి అలవాటుపడింది. అదే గుండె అనుకుంది. నిజం గుండెని రొద కింద జమకట్టింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి. సహాయం అవసరం లేదు.

పక్క తెర మీద నకిలీ గుండె ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటోంది. బావగారు ఆ మధ్యాహ్నం అలాగే ఉండి ఉంటారు. తను ఫొటో తీసినప్పుడు ఆయన నిద్రపోవడం లేదు.

"పరీక్ష ఎలా చెయ్యాలో రాసింది నేనేనండీ" అంది హిమబిందు. "మనిషి ద్వారం గుండా నడవాలి, ఒక నిమిషం నిలబడాలి అని. పై దేశాలవాళ్ళ పద్ధతి చూసి రాశాను. అక్కడ మనిషి కొట్లోకి వస్తాడు, కొనుక్కుంటాడు, పోతాడు. మన దగ్గర గుమ్మం పక్కన కుర్చీ వేస్తారు. నేను చిన్నప్పుడు ఆ కుర్చీల్లోనే మా నాన్న ఒళ్ళో నిద్రపోయేదాన్ని. నాకు తెలుసండీ. తెలిసినదాన్నే మర్చిపోయాను."

నరహరిగారు చెడ్డమనిషి కాదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి నెమ్మదిగా అన్నారు. "ఇప్పటికి నాలుగు వందల మందికి పైగా పెట్టాం. అందరికీ ఫోను చేసి, మీ గుండెలో మిషను పొరబడుతుంది అని చెప్పామనుకోండి. భయానికే కొందరు పోతారు. కొందరు తీసేయమంటారు, తీస్తే బతకరు. మీరు దాన్ని సరిచెయ్యండి. నెలవారీ పరీక్షకి వచ్చినప్పుడు ఒక్కొక్కరికీ మార్చేద్దాం. ఎవరికీ తెలియక్కర్లేదు."

"మాఘమాసం వచ్చిందండీ. ఊరూరా పెళ్ళిళ్ళు. అందరూ కొట్లలోనే ఉంటారు."

"నాకు తెలియదా? మా తమ్ముడి కూతురి పెళ్ళి ఈ నెల్లోనే. ఒక్క రోజు ఆగండి. పైవాళ్ళతో మాట్లాడి, జనం బెదిరిపోకుండా ఏం చెప్పాలో చూద్దాం."

ఆమె సరేనంది. ఎందుకు సరేనందో రాజమండ్రి రైలెక్కాక అర్థమైంది. ఆ ఒక్కరోజు ఆమెకీ కావాలి. నాలుగు వందల మందికి చెప్పేముందు ఒక్క మనిషికి చెప్పాలి. ఆ ఒక్క మనిషికి చెప్పడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది.

* * *

కృష్ణవేణి భర్తకి జావ తాగించి, మూతి తుడిచి, గది బయటికి వచ్చింది. నాలుగు రోజుల్లో పదేళ్ళు మీదపడినట్టుంది. ఇద్దరూ వరండా బల్లమీద కూర్చున్నారు.

హిమబిందు చెప్పింది. తొట్టి గురించి, స్తంభం గురించి, తోడు రెండు చప్పుళ్ళలో తప్పుది ఎంచుకోవడం గురించి. ఎక్కడా తడుముకోకుండా, ఎవరినో గురించి చెప్పినట్టు చెప్పింది. అలా అయితేనే చెప్పగలననుకుంది.

కృష్ణవేణి వింటూ వింటూ చెల్లెలి రెండు చేతులూ పట్టుకుంది.

"అయితే... నేను ఆలస్యం చేసినందుకు కాదా?"

"కాదక్కా. పెళ్ళి చీరలకి ఎవరైనా అంతసేపు కూర్చుంటారు. అది ఆలోచించి చెయ్యాల్సింది నేను."

"నావల్ల కాదు కదా? నిజం చెప్పు. నావల్ల కాదు కదే?"

"నీవల్ల కాదు."

కృష్ణవేణి చెల్లెలి భుజం మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. "నువ్వు చల్లగా ఉండాలే హిమా. నేను ఈ నాలుగు రోజులూ ఆయన మొహం చూడలేకపోయానే. బతికించావే నన్ను" అంది. హిమబిందు కొయ్యబారిపోయి కూర్చుంది. అక్క చెంప పగలగొడుతుందని సిద్ధపడి వచ్చింది. ఇలా దణ్ణాలు పెడుతుందని అనుకోలేదు. ఆ తడి భుజానికి తగులుతుంటే లేచి పారిపోవాలనిపించింది.

కాసేపటికి ఏడుపు తగ్గింది. తగ్గాక, చేతుల మీది పట్టు కొద్దికొద్దిగా సడలింది.

"అలాంటిచోట ఆగకండని ఆయన కార్డులో ఉంది కదే. ఆ స్తంభం పక్కన కూర్చోవచ్చా అని ఆయన నిన్ను అడిగారా?"

"అడిగారు."

"నువ్వేమన్నావు?"

"ఏం కాదన్నాను."

"నవ్వావా?"

హిమబిందు తల ఊపింది.

కృష్ణవేణి తన చేతులు వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. లోపల నర్సు ఆయన చేత "క... క" అనిపిస్తోంది. ఆయన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"నేను బతికున్నంతకాలం ఈ తప్పు నాదే అక్కా. నువ్వు తిట్టు, కొట్టు. బావగారి కాళ్ళమీద పడమంటే పడతాను. నిద్ర పట్టడంలేదు నాకు..."

"ఎంతమందికుందే ఈ మిషను?"

"నాలుగు వందల పైనే."

"వాళ్ళకి చెప్పావా?"

"ఇంకా లేదు. మా పెద్దాయన ఒక్క రోజు ఆగమని..."

కృష్ణవేణి చెల్లెలి వైపు తిరిగింది. "చెప్పలేదా? మరి నా దగ్గర కూర్చుని ఏడుస్తావేంటే? ముందు వాళ్ళకి చెప్పు."

హిమబిందు ఫోను తీసి, తోడు పెట్టించుకున్నవాళ్ళ జాబితా తెరిచింది. నరహరిగారి అనుమతి గురించి ఇంక ఆలోచించలేదు. మొదటి ఆయన నర్సీపట్నంలో ఉన్నాడు, ఇంట్లోనే. రెండో ఆవిడ కొడుకు విని భయపడి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. ఇంకొకరు తిట్టారు. తిట్లు తినడం ఆమెకి సులువుగానే ఉంది. కృష్ణవేణి పక్కనే కూర్చుని వింటోంది, మాట కలపడం లేదు.

తర్వాత తునిలో వీరభద్రంగారనే పెద్దాయన. పేరు చెప్పగానే ఆయన గొంతు విచ్చుకుంది.

"హిమబిందమ్మా! నువ్వా తల్లీ! నీ చేతి చలవ వల్ల మనవరాలి పెళ్ళి కళ్ళజూస్తున్నాను. ఇప్పుడు బట్టల కొట్లోనే ఉన్నాం. ఆడాళ్ళంతా పైనున్నారు, నేను ఇక్కడ గుమ్మం దగ్గర చల్లగా కూర్చున్నాను."

"ఎంతసేపయింది కూర్చుని? పక్కన స్తంభం ఉందా? దాంట్లోంచి వచ్చే తరంగాల్ని మీ మిషను గుండె చప్పుడని పొరబడే అవకాశం..."

ఆయన నవ్వారు. "నువ్వే కదమ్మా ఈ స్తంభాలతో ఏమీ కాదన్నావు. మిషను పెట్టించుకున్నవాళ్ళ మీటింగులో అందరి ముందూ చెప్పావు, మా కోడలు వీడియో కూడా తీసింది. నువ్వు ఊరికే కంగారుపడుతున్నావు. నీ మిషను మీద నీకు లేని నమ్మకం నాకుంది." ఆవులింత వినిపించింది. "కాస్త మగతగా ఉందిలే, ఎండకి. కునుకు తీస్తే అదే పోతుంది."

"బాబాయిగారూ, దయచేసి వినండి, సాంకేతికంగా ఇది..."

కృష్ణవేణి ఫోను లాక్కుంది.

"బాబాయిగారూ, నేను హిమబిందు అక్కనండీ. మా ఆయనా ఆ కుర్చీలోనే కూర్చున్నారు. మా చెల్లెలి మాట నమ్మే కూర్చున్నారు. ఆయనకిప్పుడు కూతుర్ని పేరుపెట్టి పిలవడం రావట్లేదండీ. మీరు ముందు లేవండి. లేచి రోడ్డుమీదకి రండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం."

అటువైపు మాట లేదు. కుర్చీ కాళ్ళు నేలమీద గీసుకున్న చప్పుడు వినిపించింది. ఎవరో "పెద్దాయన్ని పట్టుకోండి" అంటున్నారు. తర్వాత ఆటో హారన్లు, కొబ్బరిబోండాల వాడి కేక, వీధి మొత్తం ఒక్కసారిగా ఫోనులోకి వచ్చింది.

"వచ్చేశానమ్మా" అన్నారు వీరభద్రంగారు, రొప్పుతూ.

కృష్ణవేణి కళ్ళు తుడుచుకుని, చెల్లెలి మొహం వైపు చూడకుండానే ఫోను తిరిగి ఇచ్చేసింది.

"తర్వాతి వాళ్ళకి చెయ్యి" అంది.